ఏడు రాళ్ల ఇల్లు

ఆదివారం పొద్దున ఆరున్నర. అల్వాల్ దాటి ఉత్తరంగా పోయే రోడ్డు మీద కార్లు వరుసకట్టి వెళుతున్నాయి. ఆ వరుసను మీరూ చూసే ఉంటారు. అందులో మీ కారూ ఒకటి ఉందేమో నాకు తెలియదు. వారమంతా కుర్చీలో నలిగిన నడుముకు కాస్త గాలి తగలాలని, పిల్లలకు నాలుగు చెట్లు చూపించాలని బయలుదేరినవాళ్లు. వాళ్లు పోయేది మూడుకుంటల గుట్టకు. ఆ గుట్ట నెత్తిన నిలబడితే తూర్పున ఒక కుంట, పడమట ఒక కుంట, దక్షిణాన ఒక కుంట కనబడతాయి. దక్షిణపు కుంటకు అవతల, పొగమంచులో మసకగా సికింద్రాబాద్. చూసి తీరాల్సిన చోటే. చూడటానికి వచ్చినవాళ్ల తప్పేమీ లేదు.

తప్పు గుట్ట కింద ఉంది. రెండేళ్ల కిందట ఒక విహారయాత్రల కంపెనీ వచ్చి, బాట మొదట్లో ఇనుప గేటు పెట్టింది. గేటుకు ఒక బోర్డు. "మీ క్షేమమే మా బాధ్యత. ట్రెక్కింగ్ బూట్లు లేనివారికి ప్రవేశం లేదు." ఎంత మర్యాదైన మాటలో చూడండి. అవి ఎవరిని బయటికి నెడుతున్నాయో బూట్లు వేసుకుని చదివేవాడికి తట్టనే తట్టదు.

ఆ పొద్దున విమలమ్మ, ఆమె కూతురు కల్పలత బస్సు దిగి, కార్ల పక్కనుంచి దుమ్ములో నడిచి ఆ గేటు దగ్గరికి వచ్చారు. విమలమ్మది మోండా మార్కెట్‌లో కొత్తిమీర, కరివేపాకు అమ్ముకునే బతుకు. పుట్టిల్లు ఈ గుట్ట కింది ఊరే. తండ్రి భద్రయ్య రాయి కొట్టేవాడు. ఏటవాలు బండ మీద మడమ పట్టేటన్ని గుంటలు ఉలితో చెక్కి, గుట్టకు దారి చేసినవాడు ఆయనే. ఎవరూ చెక్కమనలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు. ఎక్కేవాళ్లు జారుతున్నారని చెక్కాడు.

ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. సొంతిల్లు లేనివాళ్లు చెప్పులు కింద విడిచి గుట్టెక్కి, ఏడు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఇల్లు ఏ దిక్కున కావాలో ఆ దిక్కు కనబడే చోట పేర్చాలి. ఇల్లు కుదిరాక మళ్లీ వచ్చి, పేర్చిన చేతులతోనే విప్పాలి. ఆ రాళ్లు తరువాత వచ్చేవాళ్లకు కావాలి కదా. విప్పకుండా కొత్తింట్లో పాలు పొంగించరు.

కల్పలత పుట్టిన ఏడు విమలమ్మ సికింద్రాబాద్ వైపు చూస్తూ రాళ్లు పేర్చింది. ఇరవై రెండేళ్లు సీతాఫల్‌మండిలో ఒక కిరాయి గది నుంచి ఇంకో కిరాయి గదికి గిన్నెలు మోసింది. ఇన్నాళ్లకు అల్వాల్‌లో రెండు గదుల ఇల్లు తనదైంది. శుక్రవారం గృహప్రవేశం. ఈలోగా ఆ రాళ్లు విప్పి రావాలి.

గేటు కాపలాదారు ఓంప్రకాశ్ ముందు కల్పలత కాళ్ల వైపు చూశాడు. ఆసుపత్రిలో రిసెప్షన్ పనికి వేసుకునే తెల్ల బూట్లు ఆమె కాళ్లకు ఉన్నాయి. తరువాత విమలమ్మ కాళ్ల వైపు చూశాడు. రబ్బరు చెప్పులు.

"చెల్లే, నువ్వు పోవచ్చు. పెద్దమ్మ పోవద్దు."

"ఎందుకు బిడ్డా?"

"బూట్లు లేవు గద పెద్దమ్మా. జారి పడితే మా మీదికొస్తది."

"మా నాయిన చెక్కిన గుంటలల్ల మా నాయిన బిడ్డ జారుతదా? ఈ చెప్పులు సుత ఈడనే ఇడుస్త. ఒట్టి కాళ్లతోనే పోత."

"అట్లయితె అసలే పోనియ్యరు," అన్నాడు ఓంప్రకాశ్, తల దించుకుని.

లోపలి నుంచి మేనేజరు సత్యదేవ్ వచ్చాడు. ముప్పై ఏళ్లు దాటని కుర్రాడు. మాట మెత్తన. "అమ్మా, ఇదంతా మీ మంచికేనండి. షెడ్డులో అద్దె బూట్లున్నాయి. మీకు ఊరికే ఇప్పిస్తాను, వేసుకుని వెళ్లిరండి."

షెడ్డులోంచి ఒక జత తెచ్చి ముందు పెట్టారు. విమలమ్మ కాలు పెట్టి చూసింది. పుట్టినప్పటి నుంచి నేలను పట్టుకుని నడిచిన వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. ఆ ఇరుకులో పట్టలేదు.

"నా కాళ్లకెందుకయ్యా ఈ తక్లీఫ్? ఈ గుట్టకు నా కాళ్లు ఎరుకనే," అని బూటు పక్కకు జరిపింది.

"అమ్మా, నేను పోయి ఇప్పొస్త. నువ్వు ఈడ కూసో," అంది కల్పలత.

"పేర్చింది నువ్వా? అప్పుడు నువ్వు నా సంకల ఉన్నవ్, రాళ్లను జూసి ఏడిసినవ్."

"అందరు మననే చూస్తున్రమ్మా. ఇజ్జత్ పోతుంది. పా, పోదాం."

"చూడనీ. నేనేమన్న దొంగతనం జేసిన్నా?" విమలమ్మ చెప్పులు విడిచి పక్కపక్కన పెట్టి, సరిగ్గా గేటు ముందు నేల మీద కూర్చుంది. "గీ గేటన్న తియ్యాలె, నన్నన్న ఎత్తుకపోవాలె. శుక్రారం దాక నాకు వేరే పని లేదు."

వచ్చేవాళ్లు ఆమెను తప్పుకుంటూ లోపలికి వెళుతున్నారు. ఒకాయన, పాపం ముసలామె అన్నాడు. నలభై ఎనిమిదేళ్ల విమలమ్మ ఆయన వంక చూసిన చూపుకు ఆయన గబగబా గేటు దాటేశాడు. ఓంప్రకాశ్ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు.

గంట గడిచింది. సత్యదేవ్ ఫోను మోగింది. గుట్ట మీద ఉన్న గైడు మధుసూదన్ గొంతు పక్కవాళ్లకు కూడా వినబడుతోంది.

"సార్, రామభద్రరావు గారని పెద్దాయన దక్షిణం అంచు మీద ఇరుక్కున్నరు. బూట్లు జారుతున్నయంట, కదలాలంటె భయపడుతున్నరు. ఆ పక్కకు దారి నాకు తెల్వది."

"అటెందుకు వెళ్లారు? కొత్త మ్యాప్‌లో రాశాం కదా, రాళ్ల పేర్పులు చూసుకుంటూ నడవమని!"

"అవి జూసుకుంటనే పోయిండ్రంట సార్."

విమలమ్మ లేచి నిలబడింది. "ఏ రాళ్లు?"

సంగతి ఇది. కొండ బాటల్లో దారి తెలియడానికి రాళ్లు పేరుస్తారని సత్యదేవ్ ఎక్కడో చదివాడు. ఈ గుట్ట మీద పేర్పులూ అవేననుకున్నాడు. పోయిన వారమే వాటి మీద పసుపు రంగు బాణాలు వేయించి, మ్యాప్‌లో ఎక్కించాడు. రెండేళ్లుగా గుట్ట కిందే ఉన్నాడు. ఊళ్లోవాళ్లు కింద టీ కొట్టు దగ్గరే కనబడతారు. ఒక్కరినీ అడగలేదు. వాళ్లకు గుట్ట గురించి తెలుస్తుందని అతనికి తోచలేదు.

విమలమ్మకు ముందు నవ్వొచ్చింది. అంచు మీద మనిషి ఉన్నాడని గుర్తొచ్చి ఆపేసింది.

"అవి దారులు గావు నాయినా, ఇండ్లు. పట్నంల కిరాయికుండేటోళ్లు పట్నం కనబడేదాక పోయి పేరుస్తరు. ఆడికెళ్లి అవుతల దిగుడు లేదు, లోయనే."

సత్యదేవ్ ఆమె దగ్గరికి వచ్చాడు. "మీకు దారి తెలుసా అమ్మా?"

"తెలుసు. గని నాకు బూట్లు లేవు."

సత్యదేవ్ తానే వెళ్లి ఆమె కోసం గేటు బార్లా తీశాడు.

"నువ్వు సుత రా. పట్టుకునేతందుకు ఇంకో మనిషి కావాలె. బూట్లు ఇడిసి రా."

అతను విడిచాడు. కల్పలత కూడా తన తెల్ల బూట్లు విప్పి, అమ్మ చెప్పుల పక్కన పెట్టింది.

ఏటవాలు బండ మీద భద్రయ్య చెక్కిన గుంటలు వానకు, ఎండకు నున్నబడ్డాయి గాని పూడిపోలేదు. విమలమ్మ కింద చూడకుండానే మడమ వేసుకుంటూ ఎక్కింది. సత్యదేవ్ రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. గుట్ట మీంచి దక్షిణం వైపు తిరిగేసరికి కనబడ్డాయి పేర్పులు. పదీ ఇరవై కాదు, వందలు. మోకాలెత్తు, జానెడెత్తు, కొన్ని కూలినవి, కొన్ని నిన్న పేర్చినట్టున్నవి. అన్నీ ఒకే వైపు, సికింద్రాబాద్ వైపు.

వాటి నడుమ, ఎటు పోవాలో తెలియక ఆగిపోయి ఉన్నాడు మధుసూదన్. వాటి చివర, అంచు మీద, బండను కరుచుకుని కూర్చున్నాడు రామభద్రరావు. అరవై ఆరేళ్ల మనిషి, సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాడు.

"సారూ, ముందు బూట్లు తియ్యి," అంది విమలమ్మ.

"ఈ వయసులో వట్టి కాళ్లతోనా అమ్మా? పడిపోతాను."

"బూట్లుండంగ ఏం సక్కదనం జేసినవ్? నీ కాళ్లకు సుత వేళ్లున్నయి గద. జెర వాటిని పని చెయ్యనీ."

ఆయన చేతులు బండను వదలకపోతే లేసులు ఆమే విప్పింది. అక్కడ కూడా భద్రయ్య చెక్కిన గుంటలున్నాయి; ఒక్కో పాదాన్ని చేత్తో పట్టి ఒక్కో గుంటలో పెట్టింది. పైనుంచి సత్యదేవ్ చెయ్యి అందించాడు. చదును బండ మీదికి చేరాక ఆయన చుట్టూ ఉన్న పేర్పుల వైపు చూశాడు.

"ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లు కొలిచానమ్మా. గుర్తు కనబడితే నమ్మెయ్యడం అలవాటైపోయింది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని ఈ రోజు అడగలేదు. ఏమిటివన్నీ?"

విమలమ్మ చెప్పింది. చెబుతూనే తన పేర్పు వెతుక్కుంది. దాని మీద కూడా పసుపు బాణం ఉంది. కల్పలత దాన్ని గోటితో గీకబోతే, "ఉండనీ, వానకు పోతది," అంది. పైనుంచి ఒక్కో రాయీ తీసి పక్కన పెట్టింది. అడుగున ఉన్నది విరిగిన సన్నెకల్లు ముక్క. భద్రయ్య చెక్కుతుండగా విరిగిపోయింది, బిడ్డ పేర్పుకు పునాది కావాలని ఆయనే మోసుకొచ్చి ఇచ్చాడు. విమలమ్మ దాన్ని ఒక నిమిషం ఒళ్లో పెట్టుకుంది. తరువాత అదీ రాళ్ల కుప్పలోనే వదిలేసింది.

"ఇంటికి తీసుకపోదామమ్మా," అంది కల్పలత.

"ఎనుక వచ్చేటోళ్లకు పునాది వద్దా?"

కిందికి దిగేసరికి గేటు దగ్గర జనం పోగయ్యారు. ఎవరో చప్పట్లు కొట్టారు. సత్యదేవ్ చేతులు జోడించాడు. "అమ్మా, మీరు జీవితాంతం బూట్లు లేకపోయినా రావచ్చు. మీ పేరున కార్డు చేయిస్తాను. ఇప్పుడు మీతో ఒక ఫోటో..."

విమలమ్మ చెప్పులు తొడుక్కుంటూ అతని వైపు చూసింది.

"కార్డు నాకెందుకు బిడ్డా? నాకు ఇల్లొచ్చింది. ఈ గుట్టతోటి నాకు పని అయిపోయింది. పని ఉన్నోళ్లంత ఇంక గేటు బయటనే ఉన్నరు. నన్నొక్కదాన్ని లోపలికి పిలిచి, ఫోటో దిగి, వాళ్లను మర్చిపొమ్మంటవా? ఆ బోర్డు తీసెయ్యి."

"అది నా చేతుల్లో లేదమ్మా. పైవాళ్లు ఒప్పుకోవాలి."

"అయితె పైవాళ్లకు జెప్పు. వచ్చే ఐతారం మార్కెట్ల కూసునే ఆడోళ్లమంత వస్తం. ఒట్టి కాళ్లతోటే వస్తం. గేటు ఏసుకుంటవో తీస్తవో నీ ఇష్టం."

శుక్రవారం అల్వాల్ ఇంట్లో పాలు పొంగాయి. ఆదివారం పొద్దున కార్ల వరుస పక్కన, దుమ్ములో, ముప్పై నలుగురు ఆడవాళ్లు నడిచి వచ్చారు. ఆకుకూరలు, నిమ్మకాయలు, చీపుర్లు అమ్ముకునేవాళ్లు. గేటు ముందు చెప్పులన్నీ విడిచారు. వాళ్ల నడుమ రామభద్రరావు, చేతిలో చుట్టిన కాగితంతో. ఆయన కాళ్లకూ బూట్లు లేవు.

బోర్డు అలాగే ఉంది. గేటుకు కొత్త తాళం. సత్యదేవ్ బిక్కమొహం వేసుకుని, "పైనుంచి ఆర్డరు రాలేదండి. తాళం తీయొద్దన్నారు," అన్నాడు.

రామభద్రరావు కాగితం విప్పి గేటు మీద పరిచాడు. "ఇది ఈ ఊరి నక్ష బాబూ, సర్వే శాఖ గీసిన పటం. ఈ చుక్కల గీత కాలిబాట. మీ కంపెనీ పుట్టకముందు నుంచీ ఉంది. ఈ నక్షలో ఎక్కడా గేటు లేదు."

సత్యదేవ్ నక్ష వైపు చూశాడు. తరువాత ఓంప్రకాశ్ వైపు చూశాడు. తాళంచెవి అతని దగ్గర ఉంది.

ఓంప్రకాశ్ అందరి ముందూ నేల మీద కూర్చున్నాడు. కంపెనీ ఇచ్చిన నల్లబూట్ల లేసులు నింపాదిగా విప్పాడు. బూట్లు రెండూ బోర్డు కింద పెట్టి లేచి, తాళం తీశాడు.

"ఉద్యోగం పోతుంది ఓంప్రకాశ్," అన్నాడు సత్యదేవ్ మెల్లగా.

"పోనీ సార్. పన్నెండేండ్లాయె కిరాయికుండబట్టి. రెండేండ్ల నుంచి ఈ గుట్ట కాడనే నిలబడుతున్న, ఒక్కపారన్న ఎక్కలే. ఏడు రాళ్లు పేర్చి వస్త."

విమలమ్మ అతని భుజం తట్టింది. "పట్నం దిక్కున, అంచుకు జెర ఇవుతల, విరిగిన సన్నెకల్లు ముక్క ఉంటది. అది అడుగున పెట్టు. మా నాయిన మోసిన రాయి, కదలదు."

ఆడవాళ్లు ఒకరి వెనుక ఒకరు బండ ఎక్కసాగారు. కారు దిగి నిలబడ్డ ఒక కుటుంబం కాసేపు చూసి, పిల్లల బూట్లు విప్పడం మొదలుపెట్టింది. సత్యదేవ్ గేటును పట్టుకుని నిలబడ్డాడు గాని, మూయలేదు.

విమలమ్మ బోర్డు ముందు ఆగి, దాన్ని కూతురి చేత పైకి చదివించుకుని వింది. తరువాత సత్యదేవ్‌తో, ఆ పక్కన నిలబడ్డ అందరికీ వినబడేటట్టు అంది:

"మా క్షేమం మీద అంత మనసుంటే మాతోపాటు నడువుండ్రి, చెయ్యి పట్టుకోండ్రి. క్షేమం పేరు జెప్పి మా బాట మూస్తె మాత్రం ఊకోం. ఈ బాట నడిచినోళ్లందరిది."