కిటికీలోంచి అందించిన పిల్ల

నాకు అన్నిటికంటే భయం, జనంలో నా పిల్ల చెయ్యి జారిపోవడం. ఇంత భయస్తురాలిని కార్తీక మాసంలో, అదీ ఆదివారం పూట, సూర్యలంక తీసుకెళ్ళకూడదు. కానీ మా ఆయన నాసిర్‌కి సముద్రమంటే జనమే.

"ఖాళీగా ఉంటే చూడ్డానికేముంది షాహీనా, ఉప్పునీళ్ళు!" అంటాడు.

మా అత్త మస్తాన్ బీ కూడా అంతే. తెనాలిలో బయల్దేరింది మొదలు సంబరమే. ఒడ్డున నిలబడి, "తిరనాళ్ళలా ఉంది గదే!" అని మురిసిపోయింది. నాకు ఇసక కూడా కనబడలేదు. అన్నీ కాళ్ళే. మా సిమ్రాన్‌కి రెండేళ్ళు. ఆ కాళ్ళ మధ్య దాని తల ఎంతని! నా చున్నీ చెంగు దాని మణికట్టుకి ముడేశాను.

"మేకపిల్లేంటే, కట్టేస్తున్నావు?" అంది అత్త.

వాళ్ళు సముద్రం చూశారు. నేను ఆ ముడి చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం బాపట్ల బస్సు ఆగీ ఆగకముందే జనం మీద పడ్డారు. కిటికీల్లోంచి తువ్వాళ్ళు, సంచులు వేసి సీట్లు ఆపుకుంటున్నారు. మా దగ్గర తువ్వాలు లేదు. మా ఆయన గబుక్కున ముడి విప్పి, సిమ్రాన్‌ని ఎత్తి, కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడకి అందించేశాడు.

"మామ్మగారూ, పక్క సీట్లో కూర్చోబెట్టండి, వచ్చేస్తున్నాం!"

నేను మెట్టెక్కాను. అంతే. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. ఎవరిదో క్యారేజీ నా డొక్కలో, ఎవరిదో మోచెయ్యి నా మెడమీద. బస్సు కదిలింది. మా ఆయనా అత్తా కిందే ఉండిపోయారు. ఇంటికంతటికీ ఒక్క సెల్లు, అదీ ఆయన జేబులోనే.

"నా పిల్ల లోపలుందండీ, దారివ్వండి!"

"మేమూ లోపలికెళ్దామనే చూస్తున్నామమ్మా," అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

సిమ్రాన్ ఏడుపు వినబడుతోంది. అది ఏడుస్తున్నంతసేపూ నాకు ధైర్యం. సగం దారిలో ఏడుపు ఆగిపోయింది. అక్కణ్ణించి బాపట్ల దాకా ఎలా నిలబడ్డానో నాకు తెలీదు.

జనం దిగాక లోపలికి పరిగెత్తాను. సిమ్రాన్ మామ్మగారి ఒళ్ళో నిద్రపోతోంది. ఆవిడ చెయ్యి మాత్రం ముందు సీటు కమ్మీని పట్టుకుని, పిల్లకి అడ్డంగా, అలాగే ఉంది. జనమంతా ఆ చేతిమీదే ఒరిగారు. మోచెయ్యి వాచిపోయింది. వేళ్ళు విప్పుకోలేకపోతుంటే నేనే విప్పాను.

"ఇంత జనంలో ఒక్కరే ఎందుకొచ్చారండీ?" అన్నాను ఏడుస్తూ.

"జనం కోసమేనమ్మాయ్. ఇంట్లో పొద్దస్తమానం నేనూ, గోడలూ. ఏడాదికోసారి ఇట్లా నలుగురూ తోస్తుంటే బాగుంటుంది."

ఆసుపత్రికి వెళ్దామన్నాను. "నీ మొగుడొస్తాడు, కదలకు," అని రేపల్లె బస్సెక్కేసింది. పేరడిగితే కాంతమ్మ అంది. చెరుకుపల్లికి టిక్కెట్టు అడగడం విన్నాను.

ఆవిణ్ణి చూడ్డానికి తీసుకెళ్ళమంటే మా ఆయన, "చెరుకుపల్లిలో ఎంతమంది కాంతమ్మలో!" అంటాడు. పిల్లని ఇంట్లో వదిలి వెళ్ళలేను. పిల్లతో మళ్ళీ బస్సెక్కలేను.

మీలో ఎవరైనా అటువైపు వాళ్ళుంటే, ఒంటరిగా ఉండే కాంతమ్మగారి ఇల్లు కనుక్కుని, ఆ చెయ్యి ఎలా ఉందో చూసి రండి. వెళ్తే ఒక్కరే వెళ్ళకండి. నలుగురూ కలిసి వెళ్ళండి.