ఆల్ మిస్, నో హిట్

ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీ బస్సు నడిపిన డ్రైవరు, ఇంగ్లీషు ముక్క ఎదురైతే మాత్రం సడన్ బ్రేకు వేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక రెండుచోట్ల ఇంటర్వ్యూకి వెళ్లి, నోట్లో నాలుక లేనివాడిలా కూర్చుని లేచి వచ్చాడు. మూడోది స్కూలు బస్సు. ఇదీ పోతే ఇక స్టీరింగు మాటెత్తననీ, ఏ గేటు దగ్గరో కుర్చీ వేసుకుని కూర్చుంటాననీ అన్నాడు. ఆ మాట భార్యకి ముల్లులా గుచ్చుకుంది. నిద్రలో కూడా గేర్లు మార్చే మనిషిని కుర్చీలో ఊహించుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

అందుకని వంటింట్లో ట్యూషన్ పెట్టింది. ఆవిడ డిగ్రీ ఇంగ్లీషు ఇన్నాళ్లూ మందు సీసాల మీద అక్షరాలు చదవడానికే పనికొచ్చింది మరి.

“మీ ట్రాక్ రికార్డ్ ఎలా ఉందని అడుగుతారు. అంటే ఇన్నేళ్లూ పని ఎలా చేశారని. బాగుంటే ‘గుడ్’. మచ్చ లేకపోతే ‘క్లీన్’. అస్సలు బాగోకపోతే ‘పూర్’.”

“మరి నేను పెట్టే టీ?”

“మీ టీ హిట్ అండ్ మిస్.”

ఒకరోజు అమృతం, మర్నాడు గిన్నెలు కడిగిన నీళ్లు అని ఆవిడ ఉద్దేశం. అది విప్పి చెప్పేలోపు పొయ్యి మీద పాలు పొంగాయి. ఆయన మాత్రం ఎందుకో మురిసిపోయి, ఆ మాటని రెండుసార్లు పెదాల మీద ఆడించుకున్నాడు.

ఇంటర్వ్యూ రోజున ఆవిడ ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు ఓరగా తెరిచే ఉంది.

“హౌ ఈజ్ యువర్ ట్రాక్ రికార్డ్?” ప్రిన్సిపాల్ గొంతు.

“హిట్ అండ్ మిస్, మేడమ్!” ఆయన గొంతులో ఎంత ధీమా!

కొంప మునిగిందనుకుని ఆవిడ నాలుక కరుచుకుంది. స్కూలు పిల్లల్ని ఎక్కించుకునేవాడు చెప్పాల్సిన మాటేనా అది?

“హిట్సా? ఎన్ని?” లోపల కుర్చీ కిర్రుమంది.

“నో హిట్ మేడమ్. ఆల్ మిస్. డాగ్, మిస్. సైకిల్, మిస్. ఫోన్ చూస్తూ రోడ్డు దాటిన పెద్దమనిషి, వెరీ క్లోజ్, మిస్. ట్వంటీ టూ ఇయర్స్, హిట్ అండ్ మిస్.”

తగలబోయేవాటిని తప్పించడమే హిట్ అండ్ మిస్ అనుకున్నాడన్నమాట! ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల ప్రిన్సిపాల్ కూడా నవ్వు ఆపుకోలేక తెలుగులోకి దిగింది.

“ఒక్కటి కూడా తగల్లేదా? నిజం చెప్పండి.”

ఈసారి ఆయన గొంతు తగ్గింది.

“ఒకటి తగిలిందండీ. మా ఇంటి గేటు. ఆపరేషన్ అయ్యాక మా ఆవిడని ఆస్పత్రి నుంచి కారులో తెస్తున్నా. కుదుపు తగిలితే కుట్లు నొప్పెడతాయని దారంతా నత్తనడకే. ఇంటికొచ్చాక, ఎలా ఉందోనని అద్దంలో తననే చూస్తూ గేటుకి గుద్దేశా. గేటుకి ఆ సొట్ట ఇంకా ఉంది. తనే బాగు చేయించనివ్వదు.”

బయట బెంచీ మీద ఆవిడకి కళ్లు చెమర్చాయి. ఆ సొట్టని ఎందుకు అలాగే ఉంచుకుందో ఆయన ఎప్పుడూ అడగలేదు. పట్టించుకోలేదనే అనుకుంది.

“సోమవారం నుంచి రండి,” అంది ప్రిన్సిపాల్. “పిల్లలున్నప్పుడు అద్దంలో మీ ఆవిడ ఉండదు కాబట్టి భయం లేదు.”

బయటికొచ్చి భార్య ముఖంలోకి చూశాడు. “ఏమైనా తప్పు మాట్లాడానా?”

“ఒక్క ముక్క కూడా తప్పు లేదండీ.”

ఆ సాయంత్రం టీ ఆయనే పెట్టాడు. సంబరంలో పంచదార మర్చిపోయాడు.

“చెప్పు. హిట్టా, మిస్సా?”

“మిస్సేనండీ,” అంది ఆవిడ. ఆయన ఇంగ్లీషులో అది మెచ్చుకోలు, ఆవిడ ఇంగ్లీషులో పచ్చి నిజం. గ్లాసు మాత్రం అడుగు దాకా ఖాళీ చేసింది.