రాజకుమారి చెయ్యి

ఆదివారం పొద్దున చిన్నబ్బ మామిడి మండీలో మొదటి పని గడ్డి ఎత్తిపెట్టడం. కాయలు మాగేయడానికి పరిచిన వరిగడ్డిని టీవీ ముందర నుంచి గోడవారకు జరపాలి. బెంగళూరా కాయల గంపల మీద గోనెపట్టాలు కప్పాలి. ఆ తర్వాతే చిన్నబ్బ భార్య నాగరత్నమ్మ టీవీ చెక్క తలుపులు తీసేది. 'గంధర్వదుర్గం' సీరియల్లో వానొస్తే మండీలో తడిసేది మరి. తడిసిన గడ్డిలో కాయ నిలవదు.

చిత్తూరులో ఆ వీధికంతా అదొక్కటే టీవీ. బస్సు కండక్టరు దామోదరం గొడుగు తెచ్చుకునేవాడు. టైలరు కుప్పుస్వామి కుట్టాల్సిన గుడ్డలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని వచ్చేవాడు. కాయలు ఏరే సిద్ధమ్మ మాత్రం ముందు వరసలో కూర్చుని హాయిగా తడిసేది. యుద్ధమైన వారం గంపల్లో బాణాలు గుచ్చుకుని ఉండేవి. వాటిని ఏరుకుని పోయి పొయ్యిలో పెట్టుకునేది. "చందనం కట్టె మే, వంకాయ కాల్చినా వాసనొస్తాది" అనేది.

చిన్నబ్బ కూతురు వసంత కూర్చునే చోటు తూకం రాటకు ఆనుకుని. ఆ చోటు ఇంకెవరికీ ఇచ్చేది కాదు. సీరియల్ మొదలైన కొత్తల్లో ఒక ఆదివారం, సేనాపతి రణకేతు యుద్ధానికి బయలుదేరినాడు. కోటగోడ మీద నిలబడిన రాజకుమారి హేమలేఖ వైపు తలెత్తి, "నేను తిరిగి వచ్చేదాకా ఈ కోట తలుపు మూయించకు" అన్నాడు. తలపాగాలోని సంపెంగ తీసి పైకి విసిరినాడు. ఆ పువ్వు కోటగోడ దాకా పోలేదు. టీవీ దాటి వచ్చి వసంత ఒడిలో పడింది.

ఆ పువ్వు వాడలేదు. వసంత దాన్ని ట్రంకుపెట్టెలో పరికిణీల మడతల్లో దాచుకుంది. ఆమె నడిచిపోతే మాగిన మామిడి వాసన వెనక సన్నగా సంపెంగ వాసన వచ్చేది. పెండ్లి మాటొస్తే ఒకటే చెప్పింది.

"ఆయన తిరిగొస్తానన్నాడు గదా నాయనా. రానీ."

చిన్నబ్బ అరవలేదు. పువ్వు పడింది అందరూ చూసినారు. "సరే పాపా, ఆ సీరియల్ అయిపోయేదాకా నీ పెండ్లి మాటెత్తను" అని మాటిచ్చినాడు. మండీ మనిషి మాట. చిన్నబ్బకు నోటి మాట కంటే చేతి మాట ఇంకా గట్టిది. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు. పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళు పట్టుకుని ధర అడుగుతారు, వేళ్ళతోనే చెప్తారు. చేతులు తువ్వాలు కింద ఉన్నంతసేపూ చుట్టూ ఉన్నవాళ్ళు నోరు మెదపకూడదు. ఏం కుదిరిందని తర్వాత అడగకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం, ఒకసారి చెయ్యి కలిసిన సరుకు మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. చిన్నబ్బ ఇంట్లో పెండ్లిళ్ళు కూడా అట్లనే, నెలా తేదీ తువ్వాలు కిందే కుదిరేవి.

అట్ల రెండు మామిడి కాపులు గడిచినాయి. రణకేతు యుద్ధం నుంచి రాలేదు. సీరియల్ మాత్రం పల్చబడిపోయింది.

మొదట కనిపెట్టింది సిద్ధమ్మే. ఒక ఆదివారం యుద్ధమైపోయినాక గంపల్లో వెతికి, దొరికినవి తెచ్చి అందరి ముందరా పడేసింది.

"బాణాలంట ఇవి. సూడండప్పా. చీపురు పుల్లలు."

"వాన కూడా అట్లనే ఉండాది" అన్నాడు దామోదరం, చొక్కా చేయి వాసన చూసుకుంటూ. "ముందు మట్టి వాసనొచ్చేది. ఇప్పుడు కొళాయి నీళ్ళు. బ్లీచింగు వాసన కొడతాండాది."

"ఏనుగు సూసినావా?" అన్నాడు కుప్పుస్వామి. "గుడ్డ. లోపల ఇద్దురు మనుషులు. కుట్టు కూడా సరిగా వెయ్యలే. నన్ను పిలిచినా బాగా కుట్టిచ్చిందును."

"నువ్వు కుడితే తొండం పొట్టిదయ్యేది సామీ. నా ప్యాంటు కుట్టినావు గదా" అన్నాడు దామోదరం.

అందరూ నవ్వినారు. వసంత నవ్వలేదు.

"దూరం పోయినోళ్ళ కోసరం ఎదురుచూసేటప్పుడు అన్నీ అట్లే కనపడతాయి" అంది. "వానైనా, ఏనుగైనా. రాజకుమారి మనసు బాగలేదు, అందుకే కోట కూడా అట్లయిపోయిండాది."

"ఆమె మనసు కాదు మే, తీసేవాళ్ళ మనసు" అంది సిద్ధమ్మ. కానీ మెల్లిగానే అంది.

రాజకుమారి గాజులు మోగితే ముందు గుడి గంట విన్నట్టుండేది. ఇప్పుడు రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టుండేది. వసంత అదీ సర్దుకుంది. సీరియల్ ఎంత చెడిపోయినా సరే, సాగితే చాలనుకుంది. సాగినంత కాలం నాయన మాట నిలుస్తుంది. సాగితే ఏదో ఒక ఆదివారం ఆయన వస్తాడు.

ఆయన వచ్చినాడు. వానలు ముదిరి మండీలో ఆఖరి కాయ దిగుతున్న రోజుల్లో ఒక ఆదివారం కోట తలుపు ముందర గుర్రం ఆగింది. గుర్రం మీది మనిషి ముఖం మీది గుడ్డ తీసినాడు.

వేరే మనిషి.

అదే తలపాగా, అవే మీసాలు అతికించినారు. కానీ ముఖం వేరు, కండ్లు వేరు. గొంతు ముక్కులోంచి వచ్చింది. "హేమలేఖా, నేను నీ రణకేతును" అన్నాడు. రాజకుమారి కోటగోడ దిగి పరిగెత్తి వచ్చింది. ఒక్కసారైనా ఆగి ఆ ముఖంలోకి చూడలేదు. వచ్చి అతని కాళ్ళు కడిగింది.

మండీలో గోల లేచింది.

"ఇదేంది, ఎవురినో తెచ్చి కూర్చోబెట్టినారు" అన్నాడు కుప్పుస్వామి.

"పాతాయన సినిమాలకు పోయినాడంట. రేణిగుంట స్టేషన్లో ఎవురో చెప్తా ఉన్నారు" అన్నాడు దామోదరం. "అయినా ఏం పోయిందిలే. మా బస్సులో డ్రైవరు మారితే బస్సు మారిపోతాదా?"

"మొగుడు బస్సు కాదబ్బా" అంది సిద్ధమ్మ.

"తలపాగా అదే, కత్తి అదే..."

"అట్లయితే నీ కండక్టరు సంచీ ఎవురన్నా తగిలించుకోని మీ ఇంటికి పోతే మీ ఆడామె అన్నం పెడతాదా?"

అందరూ వసంత వైపు చూసినారు. ఆమె రాటకు ఆనుకునే ఉంది. కండ్లలో నీళ్ళు లేవు. కోపం మాత్రం ఉంది, అది కొత్తాయన మీద కూడా కాదు.

"ఆమె ముఖమన్నా సూడలేదు" అంది. "ఇన్నాళ్ళు కూర్చోని, వచ్చినోడి ముఖమన్నా సూడలేదు."

ఆ వారమంతా వసంతకు అన్నం సయించలేదు. పోయినాయన పోయినాడు, ఆయన సంగతి ఆయనది. తనతో పాటు ఎదురుచూసిన ఆడమనిషి ఎట్లా ఒప్పుకుంది? తనకు తోడుందనుకునే కదా తను ఇన్నాళ్ళు పెండ్లి వద్దని కూర్చునింది.

గురువారం నాడు నాగరత్నమ్మ ఎర్రంచు తువ్వాలు ఉతికి ఆరేస్తూ కనపడింది. అది మంచి తువ్వాలు. పెద్ద బేరాలకే బయటికి తీసేది.

"ఎవురొస్తాండారు మా?"

నాగరత్నమ్మ తువ్వాలు దులుపుతూ కూతురి వైపు చూడకుండా చెప్పింది. "ఆదివారం పలమనేరు నుంచి మునిరామయ్య మామ. ఆవులున్నోళ్ళు. కొడుకు ధనంజయకు నిన్ను అడుగుతాండారు."

వసంత నేరుగా మండీలోకి పోయింది. చిన్నబ్బ గంపలు లెక్కేసుకుంటున్నాడు.

"సీరియల్ అయిపోయేదాకా అన్నావు."

"అన్నాను పాపా."

"అయిపోలేదు గదా."

చిన్నబ్బ చేతిలోని కాయను తిప్పి తిప్పి చూసినాడు. "మనిషే మారిపోయినాడు గదమ్మా. ఎవురి కోసరం కూర్చుంటావు? ఆమే ఒప్పుకునింది. నీకేమి?"

నాయన మాట తప్పుతాడని వసంత ఎప్పుడూ అనుకోలేదు. కాయ పైకి బాగుండి కోస్తే లోపల నల్లగా ఉంటుందే, ఆ కాయను చూసినట్టు నాయన ముఖం చూసి వచ్చేసింది.

ఆదివారం మునిరామయ్య మొదటి బస్సుకే దిగినాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు, ఏటా తోట కాయ ఈ మండీకే వేస్తాడు. ధనంజయ రాలేదు, పాలు పితికే పని. నాగరత్నమ్మ ఇడ్లీ పెట్టింది. తిని చెయ్యి కడుక్కుని, "సీరియల్ సూసినాకే బేరానికి కూర్చుందాం చిన్నబ్బా. రాజకుమారి పెండ్లంట గదా ఈరోజు. మా ఊర్లో ఆడోళ్ళంతా సూసి రమ్మన్నారు" అన్నాడు.

గడ్డి ఎవరూ ఎత్తలేదు. ఈ మధ్య సీరియల్లో పడే చిరుజల్లుకు ఎత్తేదేముంది అనుకున్నారు. దామోదరం గొడుగు కూడా తేలేదు.

టీవీలో పందిరి వేసినారు. పువ్వులు కాగితం పువ్వులు, కుప్పుస్వామి పట్టుకుని చూసి మరీ చెప్పినాడు. పీటల మీద కొత్త రణకేతు కూర్చుని మీసం అతుకు ఊడకుండా నొక్కుకుంటున్నాడు. హేమలేఖ తలొంచుకుని ఉంది. పురోహితుడు ఆమె చెయ్యి అడిగినాడు.

అప్పుడు ఆమె తలెత్తింది. పక్కనున్న మనిషి ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత చెయ్యి చాచింది, అతని వైపు కాదు. టీవీలోంచి ఇవతలికి, తూకం రాట వైపు.

పసుపు తడి ఆరని చెయ్యి, మోచేతి దాకా గాజులు. వాటి మోతకు మండీ అంతా గుడి గంట కొట్టినట్టయింది. అంతకాలానికి మళ్ళీ ఆ మోత.

వసంత లేచింది. నాయన భుజం మీది ఎర్రంచు తువ్వాలు లాగి తీసుకుంది. పోయి రాజకుమారి చేతిలో చెయ్యి పెట్టి, పైన తువ్వాలు కప్పింది.

మండీ గమ్మునయిపోయింది. సిద్ధమ్మ నములుతున్న ఆకు కూడా ఆపేసింది. మునిరామయ్య అలవాటు కొద్దీ తల పక్కకు తిప్పుకున్నాడు, తువ్వాలు వైపు చూడటం మర్యాద కాదు. గుడ్డ కింద వేళ్ళు కదిలినాయి. ఆగినాయి. మళ్ళీ కదిలినాయి. వసంత ముఖంలో ఏమీ తెలియలేదు, బేరగాళ్ళ ముఖంలో తెలియదు కూడా.

చేతులు విడిపోయినాయి. రాజకుమారి పీటల మీద నుంచి లేచింది. కొంగుముడి విప్పి, కొత్తాయన కండువా పురోహితుడి ఒళ్ళో పెట్టింది. కోట తలుపు తనే తీసుకుని, ఉన్న రెండు గుర్రాల్లో ఒకటి ఎక్కి పోయింది. టీవీలో "అంతరాయానికి చింతిస్తున్నాము" అని బోర్డు వచ్చి నిలబడిపోయింది.

చిన్నబ్బ చెయ్యి చాచినాడు. "తువ్వాలు ఇయ్యి పాపా. మామ కూర్చోనుండాడు."

మునిరామయ్య అప్పటికే లేచి నిలబడినాడు.

"ఇంగ నేనెట్ల చెయ్యి పెడతానప్పా. బేరం అయిపోయిండాది గదా."

"ఎవురితో బావా? ఏం బేరం? అది టీవీ."

"అది అడిగేది లేదు గదా. నీకు నేను చెప్పాల్నా చిన్నబ్బా, ముప్పైయేండ్లుగా మండీ చేస్తాండావు." మునిరామయ్య చెప్పులేసుకున్నాడు. వసంత వైపు తిరిగి, "మా వాడికి నేను చెప్పుకుంటాలేమ్మా" అన్నాడు.

ఆ నియమం చిన్నబ్బే ఎందరికో చెప్పినది.

అప్పుడు వాన పడింది. బోర్డు వెనక నుంచి, గుర్రం పోయిన దావ నుంచి, మట్టి వాసనతో పెద్ద వాన. ఎత్తిపెట్టని గడ్డి నానిపోయింది, గంపల్లోంచి నీళ్ళు కారినాయి, మునిరామయ్య పంచె మోకాళ్ళ దాకా తడిసింది. సిద్ధమ్మ ముందు వరసలోనే కూర్చుని ముఖం పైకెత్తుకుంది. ఆ వానలో వసంత లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిస్తే, పరికిణీల మడతలో సంపెంగ గోధుమరంగుకు తిరిగి ముట్టుకోగానే పొడిగా రాలిపోయింది. పొడిని దులిపి, పరికిణీని పెరటి దండెం మీద పడేసి వచ్చింది.

సీరియల్ ఆ తర్వాత కూడా నడిచింది. కొత్త రణకేతు ఒక్కడే సింహాసనం మీద కూర్చుని ఎవరెవరితోనో మాట్లాడేవాడు. దామోదరం, కుప్పుస్వామి ప్రతి వారమూ వచ్చి తిట్టి, పై వారం మళ్ళీ వచ్చేవాళ్ళు. వసంత చూడలేదు. మరుసటి ఏడు కాపుకు ఆమె తువ్వాలు భుజాన వేసుకుని మండీలో కూర్చుంది. బేరగాళ్ళు మొదట వెనకాడినారు, తర్వాత ఆమె తువ్వాలు కింద చెయ్యి పెట్టినారు. నాయనతో మాట్లాడేది, కానీ కాయల సంగతే మాట్లాడేది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, తల్లీ కూతురూ కాయలు ఏరుతుంటే, నాగరత్నమ్మ ఉండబట్టలేక అడిగింది.

"అడగకూడదని నాకూ తెలుసు మే. అయినా నేను నీ అమ్మను. ఆ పొద్దు ఆమె ఏమడిగింది?"

వసంత చేతిలోని కాయ గంపలో పెట్టింది.

"ఇంగెన్నాళ్ళు కూర్చుంటావని అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

వసంత చెయ్యి చాచి, వేళ్ళన్నీ మూసి, పిడికిలి చూపించింది. మండీలో పిడికిలి అంటే సున్నా. తర్వాత అదే చేత్తో ఇంకో కాయ అందుకుంది.