ముప్పై రెండో పేరు

క్లబ్బు సెక్రటరీ ఆ ఉత్తరం చదివి వినిపిస్తున్నంతసేపూ బోర్డాయన నిచ్చెన దిగలేదు. బోర్డు పై వరసలో దుమ్ము తుడుస్తూనే విన్నాడు. అయిపోయాక గుడ్డ భుజాన వేసుకుని, "మళ్ళీ చదవండి," అన్నాడు.

"ఏం, వినపడలేదా?"

"వినపడింది. వాడు రాశాడో, మీరు కల్పించారో తెలియాలిగా."

సెక్రటరీకి చురుక్కుమంది. అయినా మళ్ళీ చదివాడు. మూడేళ్ళ కిందట గోల్ఫ్ టోర్నమెంటు గెలిచిన ఆటగాడు రాసిన ఉత్తరం అది. ఆఖరి రోజు పద్నాలుగో గుంట దగ్గర, పొదల వెనక, కర్ర నేలకి ఆనించగానే బంతి కదిలింది. ఎవరూ చూడలేదు. కదిలితే తన లెక్కలో ఒక దెబ్బ కలుపుకోవాలి; దెబ్బలు తక్కువైనవాడిదే గెలుపు. కలుపుకోలేదు. స్కోరు కార్డు మీద తక్కువ అంకె వేసి సంతకం పెట్టాడు. ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. 'అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. కప్పు తెచ్చి ఇచ్చేస్తాను. నా పేరు తీసేయండి' అని ముగించాడు.

"మూడేళ్ళూ నిద్ర లేదట," అన్నాడు బోర్డాయన. "మనిషి ఇంకా బతికే ఉన్నాడా?"

సెక్రటరీ నవ్వాలో వద్దో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆ గోల్ఫ్ క్లబ్బు హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురు గోడంతా బోర్డే. నల్లబారిన టేకు పలకలు, పలకకొకటి చొప్పున ఏటేటా గెలిచిన ప్రొఫెషనల్ ఆటగాళ్ళ పేర్లు, బంగారు అక్షరాల్లో. నలభై పలకల్లో ఇప్పటికి ముప్పై నాలుగు పేర్లు. ముప్పై నాలుగూ ఆయన చేతిరాతే. దుకాణాలకి బోర్డులు రాసుకుంటున్న మనిషిని మొదటి ఏడు ఎవరో పిలుచుకొచ్చారు. ఇంకొకణ్ణి పిలవాల్సిన అవసరం ఆ తరవాత ఆయన ఎవరికీ కలగనివ్వలేదు.

గోల్ఫ్ కర్ర ఆయన ఒక్కనాడూ పట్టలేదు. కానీ గెలిచినవాళ్ళ చరిత్ర కావాలంటే పత్రికలవాళ్ళు సెక్రటరీని వదిలేసి ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. మొదటి ఏడు గెలిచినాయన కర్రలు అరువు తెచ్చుకుని ఆడాడు. ఏడో ఏటివాడు బొటనవేలు వాచిపోయి ఉంటే గుడ్డ చుట్టుకుని ఆడాడు. పదకొండో ఏడు గాలివానకి జెండాలన్నీ ఎగిరిపోతే, గుంట ఎక్కడుందో గుర్తుపెట్టుకుని కొట్టినవాడు గెలిచాడు. పద్దెనిమిదీ పందొమ్మిదీ అన్నదమ్ములు. తమ్ముడు ముందు గెలిచేసరికి అన్న ఏడాది పొడుగునా అతనితో మాట్లాడలేదు, తనూ గెలిచాక గానీ. ఇవన్నీ బోర్డాయన సొంత చుట్టాల సంగతుల్లా చెప్పేవాడు. వాళ్ళలో ఎవరైనా వయసుడిగిపోయాక వచ్చి తన పేరు ముందు నిలబడితే, ఆయన పని ఆపి, చేతులు కట్టుకుని, పక్కన నిలబడేవాడు. ఆ ఇద్దరిలో ఎవరి ఛాతీ ఎక్కువ పొంగిందో చెప్పడం కష్టం.

గెలిచినవాడు బూట్లు విప్పకముందే బోర్డు మీద తన పేరు చూసుకోవాలని ఆ క్లబ్బులో ఆనవాయితీ. పెట్టినవాళ్ళకి బాగానే ఉంది. బంగారు రేకు అంటుకోవాలంటే కింద రాసే జిగురు రెండు గంటలు ఆరాలి. గెలిచినవాణ్ణి రెండు గంటలు ఎవరు కూచోబెడతారు? అందుకని ఆట ఇంకా సాగుతుండగానే, ముందున్న ముగ్గురి పేర్లూ మూడు పలకల మీద బోర్డాయన జిగురుతో రాసేసేవాడు.

రేకు వేయడం మాత్రం ఆయన భార్య పని. ఆ రేకు దగ్గర గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది, వేలితో ముట్టుకుంటే వేలికే అంటుకుపోతుంది. ఆవిడ ఉడుత వెంట్రుకల కుంచెని ఒకసారి చెంపకి రాసుకుని, ఆ కాస్త జిడ్డుతో రేకుని ఎత్తి, ఊపిరి బిగబట్టి, అక్షరం మీద పరిచేది. బయట చప్పట్లు మోగి, ఫలానావాడని కబురు రాగానే ఒక పలకకి బంగారం. మిగతా రెండు పేర్లూ ఆయన కిరసనాయిలు గుడ్డతో తుడిచేసేవాడు. వాటిని వాళ్ళిద్దరు తప్ప ఇంకెవరూ చూసి ఎరగరు.

ముప్పై రెండో ఏడు ఆవిడకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. దగ్గు తెర మొదలైతే ఆగేది కాదు. వద్దన్నా వచ్చింది. తొమ్మిది అక్షరాలు. ఒక్కో అక్షరానికి ముందు వరండాలోకి వెళ్ళి, దగ్గినంత దగ్గి, వచ్చి కూచునేది. రేకులో ఒక్క ముడత లేదు. గెలిచినవాడు బూట్లతో వచ్చి, పేరు చూసుకుని, ఆవిడ చేతులు రెండూ పట్టుకుని ఊపాడు. ఆరు వారాలకి ఆవిడ పోయింది. ఆవిడ వేసిన ఆఖరి బంగారం అదే.

"కమిటీ ఏమంటోందంటే," సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు, "పేరు అలాగే ఉంచి పక్కన ఒక చుక్క పెడదాం. కింద చిన్నక్షరాల్లో ఏదో వివరణ."

"కింద ఎక్కడ?"

"ఎక్కడో ఒక మూల. కనబడీ కనబడనట్టు."

"అంటే అబద్ధానికి బంగారం, నిజానికి మూల." బోర్డాయన అప్పుడు దిగాడు నిచ్చెన. "నియమం ఏం చెబుతోంది?"

"తెలిసే సంతకం పెట్టాడు కాబట్టి అతని ఆట లెక్కలోకే రాదు. రెండో స్థానంలో ఉన్నతను గెలిచినట్టు. అయినా మీ ఆవిడ వేసిన ఆఖరి పేరు కదా, మీ మనసు కష్టపెట్టడం ఎందుకని కూడా..."

"మా ఆవిణ్ణి అడ్డం పెట్టుకోకండి. చుక్కే పెడితే, ముప్పై అయిదో పేరు రాయడానికి ఇంకొకణ్ణి చూసుకోండి."

సెక్రటరీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సోమవారం క్లబ్బుకి సెలవు. ఎవరూ ఉండరు. కానివ్వండి," అన్నాడు.

ఇంటి దగ్గర అంత తేలిగ్గా కాలేదు. కూతురు పళ్ళసెట్లు తయారుచేసే చోట పనిచేస్తుంది. తల్లి పోయాక రెండేళ్ళూ రేకు వేసింది ఆ పిల్లే.

"గీకేస్తావా?" అంది.

"గీకేస్తాను."

"అది అమ్మది, నాన్నా."

"బంగారం అమ్మది. పేరు ఆ దొంగది."

"పలక ఊడదీసి ఇంటికి తెచ్చుకుందాం. అక్కడ కొత్తది పెట్టు."

"నలభై పలకలూ ఒకే మానువి. ఒకటి తెచ్చేసుకుంటే నలభయ్యో ఏడు గెలిచినవాడికి వేరే చెక్క పెట్టాలి. పెట్టుడు పన్నులా ఉంటుంది."

"నేను చేసిన పెట్టుడు పళ్ళు కట్టుకున్న పెళ్ళాలే కనిపెట్టలేరు. నా పని జోలికి రాకు."

ఆయన రాలేదు. "తెచ్చి ఏ గోడకి పెడతావే? రోజూ పొద్దున్నే వాడి పేరు చదువుకుంటావా?" అన్నాడు.

"పేరు చదవను. అమ్మని చూస్తాను."

బోర్డాయన గొంతు పెరిగింది. "మీ అమ్మ ముప్పై రెండేళ్ళలో ఎప్పుడూ అబద్ధానికి బంగారం వేయలేదు. తెలియక ఒకటి వేసింది. తెలిశాక కూడా ఉంచితే అది మీ అమ్మ తలకే చుట్టుకుంటుంది. ఉంచను."

"నువ్వు గీకితే నేను రేకు వెయ్యను. నువ్వే వేసుకో. నీ బుస్సుమనే ఊపిరికి హాలంతా బంగారమవుతుంది." చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున బోర్డాయన మరలు విప్పి ముప్పై రెండో పలక దించాడు. బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద పెట్టుకున్నాడు. బ్లేడు తీశాడు. అప్పుడే తలుపు దగ్గర చప్పుడైంది. సంచీలో కప్పు పట్టుకుని ఒకతను నిలబడ్డాడు. తొమ్మిది అక్షరాలవాడు.

"సెక్రటరీగారు..."

"లేడు. కప్పు అక్కడ పెట్టు."

పెట్టాడు. వెళ్ళలేదు. బల్ల మీద తన పేరు చూసి దగ్గరికొచ్చాడు. "నేను గీకుతానండీ. ఇలా ఇవ్వండి."

"చెయ్యి తియ్యి." బోర్డాయన అతని వంక చూడను కూడా లేదు. "ఆ కొస పట్టుకో. ఇదైనా కదలకుండా చూసుకో."

అతని మొహం మాడిపోయింది. అయినా రెండు చేతులతో పలక పట్టుకున్నాడు. బ్లేడు ఆనింది. మొదటి అక్షరం సన్నటి పొట్టులా లేచింది.

"రేకు వేసినావిడ గుర్తుందా? చేతులు పట్టుకుని ఊపావు."

"గుర్తుంది. చేతులు బాగా చల్లగా ఉన్నాయి."

"ఆరు వారాలకి పోయింది. అక్షరానికొకసారి బయటికెళ్ళి దగ్గి వచ్చింది, నీ పేరు మీద తుంపర పడకూడదని."

అతని తల వంగిపోయింది. "నాకు తెలియదండీ."

"ఎలా తెలుస్తుంది? పలక వదలకు."

ఒక్కొక్కటే గీకాడు. రెండు, మూడు, అయిదు, ఎనిమిది. తొమ్మిదో అక్షరం దగ్గర బ్లేడు ఆనింది గానీ కదల్లేదు. పలక పట్టుకున్నవాడు తలెత్తి చూసి, మళ్ళీ దించేసుకున్నాడు. బోర్డాయన బ్లేడు తుడిచాడు. అంచు చూశాడు. మళ్ళీ తుడిచాడు. అంచుకి ఏమీ కాలేదు.

"ఇంకా అవలేదా?" అంది వెనకనుంచి కూతురు. పనికి సెలవు పెట్టి వచ్చింది. బల్ల చూసింది, తండ్రిని చూసింది. పలక పట్టుకున్నవాణ్ణి చూసి ఎవరో పోల్చుకుంది గానీ పలకరించలేదు. "ఇలా ఇవ్వు, నాన్నా."

"వద్దన్నావుగా."

"వద్దనే అన్నాను. ఇప్పుడీ ఒక్క అక్షరం ఉంచుకుని ఏం చెయ్యను, మెళ్ళో వేసుకోనా?"

బ్లేడు లాక్కుంది. నాలుగు గీతల్లో అయిపోయింది. పొట్టంతా అరచేతిలోకి తీసి, కిటికీ దగ్గరికెళ్ళి, ఉఫ్‌మని ఊదేసి వచ్చింది. వచ్చాక మొహం అటు తిప్పుకుని చాలాసేపు చేతులు తుడుచుకుంది. బోర్డాయన పలకని నున్నగా రుద్దసాగాడు.

మధ్యాహ్నానికి కొత్త పేరు జిగురుతో రాసి ఆరబెట్టాడు. పదకొండు అక్షరాలు. అప్పుడొచ్చాడు ఆ పేరుగలవాడు. మూడుసార్లు రెండో స్థానంలో వచ్చినందుకు క్లబ్బులో అందరూ 'సెకండు' అనే పిలుస్తారు. కొత్తవాళ్ళకి ఆట నేర్పుకుంటూ బతుకుతున్నాడు. బూట్లకి గడ్డి అంటుకునే ఉంది.

"సెక్రటరీ ఫోన్ చేస్తే వేళాకోళమనుకున్నాను." బల్ల దగ్గర నిలబడ్డవాణ్ణి చూసి ఆగిపోయాడు. "పద్నాలుగో గుంట దగ్గరట కదా?"

"అవును," అన్నాడతను. "ఏం చేసినా పడతాను. కొట్టినా సరే."

"ఎందుకు కొట్టడం? పదిహేడో గుంటలో నేను నాలుగడుగుల దూరంనుంచి తప్పాను. మూడేళ్ళుగా దాన్నే తిట్టుకుంటున్నాను. అదీ, ఆ తరవాతదీ సరిగ్గా కొట్టి ఉంటే నీ అబద్ధం కూడా నన్ను ఓడించేది కాదు." తరవాత బోర్డాయన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నా పేరు పొడుగండీ. పలకలో పడుతుందా?"

"ఇది నాలుగోసారి రాయడం. పడుతుందో లేదో నాకు తెలియదా?"

"నాలుగోసారేంటి?"

"ఇరవయ్యారో ఏడు, ఇరవై తొమ్మిది, ముప్పై రెండు. ముందున్న ముగ్గురివీ రాసిపెట్టుకుంటాం. మూడుసార్లూ రాశాను, మూడుసార్లూ తుడిచాను."

సెకండు వంగి జిగురు గీతల్ని చూశాడు.

"తుడిచినప్పుడల్లా మా ఆవిడ సణిగేది," అన్నాడు బోర్డాయన, కళ్ళు పలక మీదే ఉంచి. "ఈ పేరు ఎంత చక్కగా కుదురుతుందో, ఈ అబ్బాయి ఒక్కసారి గెలవకూడదూ అని."

జిగురు ఆరిందో లేదో కూతురు వేలి గణుపుతో తాకి చూసింది. కుంచె చెంపకి రాసుకుంది. "ముగ్గురూ ఊపిరి బిగబట్టండి. చేతకాకపోతే బయటికి నడవండి," అంది. ఎవరూ కదల్లేదు. రేకు ఒక్కొక్క అక్షరం మీదా దిగింది. దూదితో అద్దింది. అంచుల్లో మిగిలిన తునకలు రాలిపోయి పేరు తేలింది. బోర్డాయన వంగి, పలకని వెలుతురుకి ఏటవాలుగా పెట్టి, మొదలునుంచి చివరిదాకా చూశాడు. ముడత కోసం చూశాడు. దొరకలేదు.

"సరే," అన్నాడు.

ఆయన నోట ఆ మాట వినడానికి తల్లికి ఆరేళ్ళు పట్టిందని కూతురికి తెలుసు. గెలిచినట్టే నవ్వింది.

పలక ఎక్కించి మరలు బిగిస్తుంటే తొమ్మిది అక్షరాలవాడు నిచ్చెన కింద నిలబడ్డాడు. "నన్ను క్షమించానని ఒక్క మాట అనండి. వెళ్ళిపోతాను."

"అనను."

"అయితే... ఎప్పుడైనా మళ్ళీ ఇక్కడ ఆడొచ్చా?"

"అది సెక్రటరీని అడుగు." ఇంకో మర బిగించాడు. "ఆడి, సరిగ్గా గెలిస్తే రాస్తాను. మిగతావాళ్ళకి ఎంత అందంగా రాశానో నీకూ అంతే. అప్పటికీ నీతో మాట్లాడను."

అతను తలూపి, ఖాళీ సంచీ మడుచుకుని వెళ్ళిపోయాడు.

సెకండు మాత్రం వెళ్ళలేదు. బోర్డు ఎడమ కొసకి నడిచి, మొదటి పేరు దగ్గర నిలబడ్డాడు. పైకి చదవడం మొదలుపెట్టాడు, ఒక్కొక్కటీ, గౌరవంగా, తొందరపడకుండా. అన్నదమ్ముల పేర్లు చదివాడు. తనని ఓడించినవాళ్ళ పేర్లు చదివాడు. ముప్పై ఒకటో పేరు అయ్యాక ఒక్క క్షణం ఆగి గొంతు సవరించుకున్నాడు. ముప్పై రెండో పేరు కూడా అలాగే చదివాడు, ఎవరిదో అన్నట్టు, అదే గౌరవంతో. తరవాత ముప్పై మూడు చదివాడు, ముప్పై నాలుగు చదివాడు. బోర్డాయన నిచ్చెన దిగి, చేతులు కట్టుకుని, అతని పక్కన నిలబడ్డాడు.