ప్రళయానికి కొన్న రెండు గొట్టాల తుపాకి

నేను ఒక రెండు గొట్టాల తుపాకిని. భయపడకండి. నా వల్ల ఇంతవరకు చచ్చింది ఒక్క కొంగ. అదీ దొరగారు బాతుకు గురిపెట్టినప్పుడు!

ఆ దొర నన్ను ఇంగ్లండు నుంచి తెచ్చి, కృష్ణా లంకల్లో బాతులను నవ్వించి నవ్వించి, వెళ్ళిపోతూ బెజవాడ తుపాకుల కొట్టులో అమ్మేశాడు. అక్కడ అద్దాల బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉన్నాను.

ఎనిమిది గ్రహాలు ఒక్క రాశిలో చేరి లోకం అంతమైపోతుందని ఊరూవాడా గోలెత్తిన ఏడు, రేపల్లె ధాన్యం వ్యాపారి పొట్లూరి సత్యలింగం కొట్టుకొచ్చాడు. అందరూ పోతామని ఏడుస్తుంటే ఆయన భయం వేరు. తాను మిగులుతాడు, సరే. ఇరుగుపొరుగు కూడా మిగిలి, ఆకలికి తన గాదె మీద పడితేనో?

"పిట్టలకా, పందులకా?" అన్నాడు కొట్టాయన.

"ప్రళయం తరవాతకండి."

కొట్టాయన కన్నార్పలేదు. "అయితే తూటాలు ఎక్కువే తీసుకోండి. తరవాత కొట్టు తీస్తామో లేదో."

ఒంటి గొట్టం చౌక. రైఫిలు దూరం కొడుతుంది. అన్నీ ఎత్తి దించి చివరికి నన్నే ఎంచుకున్నాడు. ఎడమపక్క ఇంట్లో కంసాలి వీరాచారి, కుడిపక్క ఇంట్లో దర్జీ ఖాసిం. చెరొక గొట్టమన్నమాట!

ఇంటికి తెచ్చాక రోజూ నాకు నూనె రాసేవాడు. "నా తలకి ఏనాడన్నా ఇంత నూనె రాశారా?" అని దెప్పేది భార్య మాణిక్యాంబ.

ఇంతలో గ్రహాలకు తోడు ఎన్నికలు కూడా ఆ నెలలోనే వచ్చిపడ్డాయి. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలన్నారు. హెడ్డు కానిస్టేబులు ఇంటికే వచ్చాడు.

"రేపు ప్రళయమయ్యా! ఇయ్యాల తుపాకెట్టా ఇచ్చేది?"

"ప్రళయం గురించి మాకు ఆర్డర్లు రాలేదండి. ఎలక్షన్లకే వచ్చినాయి."

అలా నేను స్టేషన్ వెనక గదికి చేరాను. ఎన్నికలయ్యాక సత్యలింగం వస్తే జరిగింది తెలిసింది. హెడ్డుకు ఆయనే చెప్పుకున్నాడు.

ప్రళయం రోజు పొద్దుగూకేసరికి తలుపులు బిగించి, గాదెకు ఆనుకుని రోకలి పట్టుకు కూర్చున్నాడట. ఎవరో తలుపు కొట్టారు. ఈయన రోకలి ఎత్తాడట. మాణిక్యాంబే వెళ్ళి గడియ తీసింది. వీరాచారి, ఖాసిం! ఇద్దరి చంకల్లోనూ చాపలు.

"తుపాకి పట్టుకుపోయారంటగా," అన్నాడు ఖాసిం. "అసలే మీకు భయమెక్కువ. తోడు పడుకుందామని వచ్చాం."

లోకం ఎక్కడికీ పోలేదు. తెల్లారి మాణిక్యాంబ గాదె తెరిచి వడ్లు తీసి, దంచి, అందరికీ వండి పెట్టింది.

"మరి తుపాకి తీసుకెళ్తారా?" అన్నాడు హెడ్డు.

"వద్దయ్యా. ఇక్కడే ఉండనీ."

కానీ వెంటనే వెళ్ళలేదు. నా దగ్గరికొచ్చి రెండు గొట్టాల మీదా చెయ్యి వేసి నిలబడ్డాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. నాకూ దిగులేసింది.

"ఇవి రెండూ ఎవరెవరికనుకున్నానో వాళ్ళకి చెప్పమాకే," అన్నాడు మెల్లగా.

ఈ గదిలో తుప్పు పట్టిపోతున్నాను గానీ, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. రేపల్లెలో ఖాసిం మనవడు ఇప్పటికీ బట్టలు కుడుతున్నాడట. ఇటువైపు వస్తే మీరూ అతనితో అనకండేం.