గోడమీద మైకు నీడ

పొద్దున్నే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే అద్దం ముందు తోసుకునేవాళ్ళు. అక్క కాటుక దిద్దుకుంటూ డైలాగులు వల్లెవేసేది. చెల్లి ఆమె మోచేతి కిందనుంచి దూరి జడ వేసుకునేది. అక్కకి రెండు నీడలు పడేవి, చెల్లికి అసలు నీడే లేదు. ఒకరిది ఒత్తు జుట్టు, ఒకరిది పలచటి జుట్టు అయినట్టే ఇదీను. వాళ్ళమ్మ కూడా ఏనాడూ ఆరా తీయలేదు.

పట్టించుకున్నది కెమెరామన్లే. నటి కావాలని అక్క ఎక్కి దిగని స్టూడియో లేదు. ఎక్కడికెళ్ళినా నటన బాగుందనేవారు, లైట్లు వేశాక మొహం చిట్లించేవారు. చూసేవాళ్ళు కథ వదిలేసి నీ నీడల్ని చూస్తారమ్మా అని పంపేసేవారు.

ఒకసారి అక్కకి తోడుగా ఓ టీవీ సీరియల్ సెట్‌కి వెళ్ళిన చెల్లి, లైటు పక్కన నిలబడి ఆవులిస్తోంది. సౌండ్ రికార్డిస్టు ఆమె వెనక ఖాళీ నేలని చూసి, చేస్తున్న పని ఆపేశాడు. నటుల తలల మీదికి పొడుగాటి కర్రతో మైకు పట్టుకునే మనిషి కావాలి ఆయనకి. ఎవరిని పెట్టినా ఆ కర్ర నీడ ఎక్కడో ఒకచోట పడి షాట్ పాడవుతోంది. చెల్లి చేతిలో ఏది ఉన్నా దానికీ నీడ ఉండదు. మర్నాడే పనిలోకి వచ్చేయమన్నాడు.

ఇద్దరూ బస్సులో ముందొకరు, వెనకొకరు కూర్చుని ఇల్లు చేరారు. అన్నం దగ్గర మాత్రం అక్క, వెళ్ళవే, ఇద్దర్లో ఒకరైనా లోపలుంటారు అంది.

అయిష్టంగా వెళ్ళిన చెల్లికి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పూటే మతిపోయింది. గుటక మింగిన చప్పుడు, ఏడవబోయే ముందు ఊపిరి ఆగిపోవడం, ఇంకెవరికీ అందనివన్నీ ఆమెకి వినపడుతున్నాయి. ఇక ఆ పనిని వదల్లేకపోయింది.

ఓ రోజు నర్సు వేషం వెయ్యాల్సిన అమ్మాయి రాలేదు. చెల్లికి క్యారియర్ తెచ్చిన అక్క డైరెక్టర్ కంటపడింది. చిన్న వేషమే. రోగి భార్యకి ఆయన పోయాడని చెప్పాలి. కెమెరామన్ అక్క కాళ్ళవైపు చూసి పెదవి విరిచాడు. ఒక్క టేక్ చూద్దాం, కుదరకపోతే పంపేద్దాం అన్నాడు డైరెక్టర్.

అక్క వచ్చి నిలబడింది. చెల్లి ఆమె నెత్తిమీదికి మైకు చాపింది. హెడ్‌ఫోన్లలో అక్క ఊపిరి ఎగసిపడుతోంది. ఆ వెంటనే, పెదవి కదిపీ కదపకుండా అక్క అన్న మాట వినపడింది.

"నీ నీడ నువ్వు తీసుకోవే. చిన్నప్పుడు నువ్వు దాన్ని చూసి జడుసుకుని ఒకటే ఏడుస్తుంటే, నేనుంచుకుంటాలే అన్నాను. ఇన్నేళ్ళూ మోశాను."

అక్క నీడల్లో ఒకటి నేలమీద పాకుతూ వచ్చి చెల్లి పాదాలకి అంటుకుంది. డైరెక్టర్ యాక్షన్ అన్నాడు. అక్క వెనక తెల్లటి గోడమీద పొడుగాటి కర్ర, దాని చివర మైకు నల్లగా పడ్డాయి.

కట్. సెట్టంతా గోడవైపే చూసింది. చెల్లి తన కాళ్ళకేసి చూసుకుంది. కింద నేల ఎవరో లాగేసినట్టుంది. అక్కవైపు చూస్తే అక్క కళ్ళు దించుకుంది గానీ, నిలబడ్డ చోటునుంచి కదల్లేదు. కెమెరామన్ ఆమె వెనక ఒక్కటే నీడ చూసుకుని తృప్తిగా లైటు సరిచేసుకుంటున్నాడు.

ఉద్యోగం ఊడినట్టే అనుకుని చెల్లి కర్ర దించబోయింది. రికార్డిస్టు దగ్గరికొచ్చాడు. ఆయనకీ హెడ్‌ఫోన్లున్నాయి. అంతా విన్నాడు.

"లోకంలో ఈ పని చేసేవాళ్ళందరికీ నీడ ఉంటుందమ్మా. లైటు ఎటుందో చూసుకుని నిలబడతారు. నేర్చుకుంటావా, వెళ్ళిపోతావా?"

చెల్లి లైటుకేసి చూసింది, గోడకేసి చూసింది. వెలుగు దారి తప్పించుకుని సెట్ అంచున ఉన్న మందుల అలమర పక్కన ఒదిగి, కర్రని అటునుంచి చాపింది. గోడ తెల్లగానే ఉంది. డైరెక్టర్ ఇంకోసారి యాక్షన్ అన్నాడు.

"ఆయన ఇక లేరమ్మా," అంది అక్క. ఆ మాట చివర సన్నటి జీర చెల్లి చెవిలో పడింది. అది నటన కాదేమో. చెల్లి చేతిలో కర్ర మాత్రం కదల్లేదు.