గీతను నమ్మే యంత్రం

పంపుల కంపెనీ డిజైన్ గదిలో అందరూ ఆమెను స్కేలక్క అనేవారు. ఇరవై ఆరేళ్ల క్రితం చేరినప్పుడు డ్రాయింగు బల్ల దగ్గర స్కేలు చేతిలోంచి వదిలేది కాదని పడిన పేరది. తరవాత బల్ల పోయి కంప్యూటరు వచ్చింది. కాగితం మీద గీసినట్టే తెర మీద గీసింది, పెద్ద కష్టం కాలేదు. ఈ ఏడాది ఆ పద్ధతి కూడా పోయింది. ఇప్పుడు పంపు తెర మీదే నిండు వస్తువులా తిరుగుతుంది. ఒక కొలత మారిస్తే దాన్ని అంటిపెట్టుకున్నవన్నీ కదులుతాయి. ఆ రూపం కాగితంతో పనిలేకుండా తిన్నగా కింది వర్క్‌షాపులో యంత్రానికి వెళుతుంది.

నేర్పడానికి వచ్చినతను మూడు వారాలు చెప్పాడు. ఆమె మూడు వారాలూ తల ఊపింది. అడిగితే ఇన్నేళ్ల అనుభవం తేలిపోతుందేమోనని భయం.

ఆ మంగళవారం పంపు తొడుగులో రెండు రంధ్రాల మధ్య దూరం నూట నలభై మిల్లీమీటర్లు కాదు, నూట నలభై రెండు ఉండాలని కబురొచ్చింది. రూపంలో కొలత మార్చబోతే తెర నిండా ఎర్ర గుర్తులు లేచాయి. గాభరాపడి మార్పును వెనక్కి తీసుకుంది. ఆపైన పాత అలవాటు చొప్పున, రూపంతో పాటు వెళ్లే డ్రాయింగు మీది అంకెను మాత్రం చెరిపి, నూట నలభై రెండు అని కొట్టింది. పాత రోజుల్లో అందరూ చేసిన పనే. కింద అంకెనే చదివేవారు, గీతను ఎవరూ కొలిచేవారు కాదు. హమ్మయ్య అనుకుని పంపేసింది.

మధ్యాహ్నం వర్క్‌షాపు మేస్త్రి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అనేది. యంత్రం తనంతట తాను పనిచేసే ఈ కాలంలోనూ డ్రాయింగును అచ్చు తీయించుకుని, ప్రతి కొలతనూ యంత్రం తెరతో పోల్చి పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు. కాగితం లేకపోతే బాబాయ్‌కి చెయ్యాడదని కుర్రకారు ఆటపట్టించేవారు.

"అమ్మాయ్, నీ కాగితం నూట నలభై రెండంటోంది. యంత్రం నూట నలభై అంటోంది. ఎవరి మాట వినమంటావ్?"

రెండు నెలలు కళ్లు కాయలు కాచేలా చూస్తే వచ్చిన తొడుగు అది, ఒక్కటే.

"రంధ్రాలు వేసేశావా బాబాయ్?"

"వేసుంటే ఇక్కడికెందుకొస్తాను? ఈపాటికి ముఖం చాటేసేవాణ్ణి."

కొత్త పద్ధతిలో ఎవరుండాలో, పాత డ్రాయింగుల గదికి ఎవరు పోవాలో వచ్చే వారం పెద్ద ఇంజనీరు తేలుస్తాడు. ఆ సంగతి మేస్త్రికీ తెలుసు. గొంతు తగ్గించి, గుట్టుగా సరిచేసి పంపమనీ, తన నోటి నుంచి మాట బయటికి రాదనీ అన్నాడు.

ఆమె తెర వైపు చూసింది. గుట్టుగా సరిచేయాలన్నా ఎలాగో తెలియదు. మూడు వారాలు తల ఊపడమూ అంకె దిద్దడం లాంటిదేనని తోచింది: పైన మాట మారింది, లోపల ఏదీ కదల్లేదు. అలా ఇంకెన్ని చోట్ల దిద్దుకుంటూ వచ్చిందో లెక్కపెట్టడానికి ధైర్యం చాలలేదు.

లేచి పెద్ద ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. అతను ఆమెకన్నా పదేళ్లు చిన్న.

"ఈ కొలత మార్చడం నాకు చేతకాలేదు. అంకె దిద్ది పంపేశాను. బాబాయ్ పట్టుకోకపోతే తొడుగు నాశనమయ్యేది. ఎలా మార్చాలో చూపిస్తారా?"

అతను లేచి ఆమెతో వచ్చాడు. ఆమె కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాడు. రంధ్రం తొడుగు అంచుకు కట్టేసి ఉందట. ఆ ముడి విప్పగానే రంధ్రం, దాని చుట్టూ ఉన్న లోహం, మూత, అన్నీ బుద్ధిగా రెండు మిల్లీమీటర్లు జరిగాయి.

"పాత అలవాటు కొద్దీ మనవాళ్లు ఎక్కడెక్కడ అంకెలు దిద్దుతారో మీకు తెలిసినంతగా నాకు తెలీదు," అన్నాడు. "ఇకనుంచి ఏ ఫైలైనా కిందికి వెళ్లే ముందు మీరు చూడండి. బాబాయ్ కాగితం కూడా ఉండనీండి."

ఆమె వర్క్‌షాపులోకి దిగింది. కృతజ్ఞత చెప్పాలని మెట్ల మీద పేర్చుకున్న మాటలన్నీ యంత్రం హోరులో కలిసిపోయాయి. మేస్త్రి చెవి మీద చెయ్యి పెట్టి, వినపడలేదన్నట్టు సైగ చేశాడు. ఆమె దగ్గరగా వెళ్లింది.

"ఈ తెర చదవడం నాకు రాదు బాబాయ్. నేర్పు."

ఆయన నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చాడు.